చెక్‌పోస్టు దాటకుండానే పరిశోధకులు కండి

అంగన్‌వాడీ టీచరమ్మలూ, ఆశక్కలూ, ఏఎన్ఎంలూ, ఆశ్రమ పాఠశాలల వార్డెన్లూ, స్వచ్ఛంద సంస్థల ఫీల్డు తమ్ముళ్లూ! ఈ చిట్కాలు మీ కోసమే. మీరంటే నాకు ప్రాణం. పొద్దున లేస్తే గుడ్ల లెక్క, పాల లెక్క, బరువుల లెక్క. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ మొదలైనప్పుడు రిజిస్టర్లు రాస్తే సరిపోయేది. 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్ కూడా నెత్తిన కూర్చుంది. ఇప్పుడు దాని మీద ఇంకో మాట మొదలైంది: సంక్షేమ సిబ్బందికి పరిశోధనా నైపుణ్యాలు రావాలట. రోజూ జనం గడపలు తొక్కేది వాళ్లే కాబట్టి, ప్రశ్న పుట్టాల్సిందీ జవాబు వెతకాల్సిందీ వాళ్ల దగ్గరేనట. మాట అన్నవాళ్లు ఏసీ గదిలో అన్నారు, కాళ్లు అరిగేది మీవి. ఆ కాళ్లను కాపాడటమే నా పట్టుదల.

మన్ననూర్‌లో పనిచేసేవాళ్లకు ఈ విద్య మరీ సులువు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీద, నల్లమల గుమ్మంలో ఉందీ ఊరు. చెంచుల కోసం పెట్టిన ఐటీడీఏ ఇక్కడే, అటవీ శాఖ చెక్‌పోస్టు ఇక్కడే. అవతల 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం. దాని కడుపులో అప్పాపూర్, భౌరాపూర్, రాంపూర్, మల్లాపూర్ లాంటి చెంచు పెంటలు, అంటే గూడేలు. నివేదిక రాయాల్సింది ఆ పెంటల మీద, రాయడానికి అనువైన చోటు చెక్‌పోస్టుకు ఇవతలి టీ కొట్టు. ఈ రెంటినీ కలపడం తెలిస్తే మీకిక తిరుగులేదు.

1. శిక్షణకు తప్పకుండా వెళ్లండి, నేర్చుకోవడం మాత్రం పెట్టుకోకండి.

మూడు రోజుల శిక్షణ అంటే మొదటి రోజు పొద్దున్నే హాల్లో ఉండండి. ఆ ఒక్క పూట ఆలస్యం చేయొద్దు. హాజరు పట్టీలో మూడు రోజుల సంతకాలూ అప్పుడే పెట్టేయండి. మూడో రోజు సంతకానికి పెన్ను మార్చండి, ఒకే సిరా కనిపిస్తే ఆడిటుకు అనుమానం వస్తుంది. టిఫిన్ కన్నా ముందు టీఏ, డీఏ ఫారం నింపండి. బ్యాగు, ప్యాడు, పెన్ను పుచ్చుకోండి.

శిక్షణకు ముందొక పరీక్ష, తర్వాతొక పరీక్ష పెడతారు. ముందు పరీక్షలో తెలిసిన జవాబులు కూడా తప్పు రాయండి. పదికి మూడు వస్తే చాలు. చివరి పరీక్షలో పక్కామె చూసి రాసినా ఎనిమిది వస్తాయి. మీ నైపుణ్యం మూడు నుంచి ఎనిమిదికి పెరిగిందని కాగితం మీద రుజువైపోయింది. శిక్షణ ఇచ్చినవారికి పేరు, పెట్టించినవారికి పేరు, మీకు సర్టిఫికెట్. ఎవరైనా ప్రశ్న అడగడానికి చెయ్యి లేపబోతే బల్ల కింద కాలు తొక్కండి. ఒక్క ప్రశ్న లేచిందంటే భోజనం అరగంట వెనక్కి జరుగుతుంది.

శిక్షణ పెట్టించే అధికారి మీరే అయితే మార్చి నెలాఖరులో పెట్టండి. అప్పుడు ఖర్చు చేయాలన్న తొందరే తప్ప నేర్పాలన్న తొందర ఎవరికీ ఉండదు. ఇంగ్లీషు స్లైడ్లు తొంభైకి తగ్గకుండా చూడండి. శిక్షణలో ఒక పూట పెంటకు తీసుకెళ్లి, ఒక తల్లితో ఎలా మాట్లాడాలో చేసి చూపిద్దామని ఎవరైనా అంటే, బడ్జెట్‌లో జీపు పద్దు లేదని చెప్పండి. ఉన్నా లేదనే చెప్పండి.

2. జవాబు చేతిలో పెట్టుకుని ప్రశ్న రాయండి.

పరిశోధన ఒక ప్రశ్నతో మొదలవుతుందని శిక్షణలో చెబుతారు. ప్రశ్న మీకు తెలియనిదైతే చిక్కు. ఉదాహరణకు, ఆరోగ్యలక్ష్మి పథకం కింద 2015 నుంచి గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట సంపూర్ణ భోజనం పెడుతున్నారు. లోపలి పెంటలో నిండు చూలాలు ఆ భోజనానికి ఎందుకు రాలేకపోతోంది? ఇది ప్రమాదకరమైన ప్రశ్న. దీనికి జవాబు కావాలంటే మధ్యాహ్నం ఆమె ఎక్కడుంటుందో చూడాలి. కేంద్రం ఎంత దూరమో నడవాలి. వాగు ఎక్కడ అడ్డం వస్తుందో దిగాలి. తీరా జవాబు దొరికాక దాన్ని ఎవరో ఒకరు సరిచేయాలి, ఆ ఎవరో ఒకరు మీరే అవుతారు.

దాని బదులు "ఆరోగ్యలక్ష్మి లబ్ధిదారుల సంఖ్య – ఒక అధ్యయనం" అని పెట్టండి. సంఖ్య మీ రిజిస్టర్లోనే ఉంది. రిజిస్టరు తెరిచి, రాసి, మూసేయండి.

3. పాత పుస్తకం మీద బతకండి.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ అనే వియన్నా మానవశాస్త్రవేత్త 1940లో నిజాం రాజ్యంలోని ఈ అమ్రాబాద్ పీఠభూమికి వచ్చాడు. చెంచుల మధ్యే గుడారం వేసుకుని ఉన్నాడు. వాళ్లు గడ్డలు తవ్వుతుంటే వెంట నడిచాడు, ఎవరికి ఎవరు ఏమవుతారో ఓపిగ్గా రాసుకున్నాడు. 1943లో పుస్తకం అచ్చయింది. అంటే మీరు పడాల్సిన కష్టం ఎనభై ఏళ్ల కిందే ఒకాయన పడ్డాడు. ఇక మీకెందుకు?

ఆ పుస్తకాన్ని కూడా చదవకండి. దాన్ని ఎవరో థీసిస్‌లో ఎత్తిరాసి ఉంటారు, ఆ థీసిస్‌ను ఇంకెవరో. చివరగా ఎత్తిరాసినవారి దగ్గర నుంచి మీరు ఎత్తిరాయండి. తప్పులు కూడా అలాగే రానివ్వండి, పదిమంది రాసిన తప్పును ఎవరూ అడగరు. "చెంచులు వేటాడి, దుంపలు, తేనె సేకరించి జీవిస్తారు" అన్న వాక్యాన్ని వర్తమాన కాలంలోనే ఉంచండి. ఇవాళ ఆ ఇంట్లో రేషను బియ్యం ఉడుకుతున్నాయని, ఇంటాయన ఉపాధి హామీ కూలి డబ్బులు బ్యాంకులో పడ్డాయో లేదోనని తిరుగుతున్నాడని, తేనెను గిరిజన సహకార సంస్థకు తూకం వేస్తున్నాడని రాస్తే మీ నివేదిక పాత నివేదికలతో కలవదు. హైమెండార్ఫే 1970లలో తిరిగొచ్చి, మారినదంతా చూసి, 1982లో ఇంకో పుస్తకం వేశాడు. ఆ రెండో పుస్తకం జోలికి అసలే పోకండి, మొదటిది రాసినాయనే పరిస్థితులు మారాయంటే మీ వాక్యానికి ఆధారం పోతుంది.

హైదరాబాద్‌లో గిరిజన సంస్కృతి పరిశోధన, శిక్షణ సంస్థ ఉంది. 1963 నుంచీ పనిచేస్తోంది. అక్కడి లైబ్రరీకి పోతే నివేదికలు దొరుకుతాయి. దొరికితే చదవాలి. చదివితే తేడాలు కనిపిస్తాయి. పోకండి.

4. రోడ్డు పక్కన దొరికినవాళ్లే నమూనా.

మన్ననూర్, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట అన్నీ శ్రీశైలం రోడ్డు మీదివే. అక్కడా చెంచు కుటుంబాలున్నాయి. మీకు కావలసింది చెంచు కుటుంబమే తప్ప చెంచు పెంట కాదు. బస్సు దిగిన చోట మాట్లాడండి, వచ్చే బస్సు ఎక్కండి. అంగన్‌వాడీ కూతవేటు దూరంలో ఉంది, 108 ఇంటి ముందుకే వస్తుంది, ఫోనుకు సిగ్నలుంది అని వాళ్లు చెబుతారు. అది రాసుకుని పైన "నల్లమల చెంచుల స్థితిగతులు" అని శీర్షిక పెట్టండి. లోపలి పెంటలు ఆ శీర్షికలో వాటంతటవే ఇమిడిపోతాయి.

ఆడవాళ్లను విడిగా పిలిచి అడగాలని శిక్షణలో చెప్పి ఉంటారు. అవసరం లేదు. కాన్పు ఎక్కడ అయింది, రక్తం తక్కువైందా, ఎన్నో నెలలో పేరు రాయించుకున్నారు అన్నీ టీ కొట్టు దగ్గర ఇంటాయన్ని అడగండి. ఆయనకు తెలియకపోతే "తెలియదు" అనడు, ఏదో ఒకటి చెబుతాడు. గడి నిండుతుంది.

5. వెళ్లకపోవడానికి కారణాలు కాలం వారీగా దాచుకోండి.

ఎండాకాలంలో అడవికి అగ్గి అంటుకునే ప్రమాదం. వానాకాలంలో వాగులు. చలికాలంలో పొద్దు గూకడం త్వరగా. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర, అధికారులంతా బందోబస్తులో ఉంటారు. శివరాత్రికి శ్రీశైలం రద్దీ, జీపు దొరకదు. పులి ఏడాది పొడవునా ఉంటుంది.

వానాకాలంలో మూడు నెలలు సఫారీ బందు పెడతారు. అది చూడ్డానికొచ్చే పర్యాటకులకే గానీ సర్కారు పని మీద పోయేవాళ్లకు కాదు. ఆ తేడా మీ లేఖలో రాయకండి. రాత్రి తొమ్మిది తర్వాత చెక్‌పోస్టు దగ్గర బండ్లు వదలరు కాబట్టి మధ్యాహ్నం నాలుగింటికి బయలుదేరండి. "వెళితే తిరిగి రాలేం" అని గేటు దగ్గరే నిలబడి నిర్ణయించుకోండి. అక్కడిదాకా వెళ్లారు కనుక టూరు డైరీలో "క్షేత్ర పర్యటన" అని రాయొచ్చు.

లోపలి పెంటలకు పోవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. ఇది దేవుడిచ్చిన వరం. అనుమతి కోరుతూ లేఖ రాయండి, ఇన్‌చార్జి సంతకం తీసుకోండి, నకలు ఫైల్లో పెట్టుకోండి, అసలు లేఖ పంపకండి. "అనుమతి కోసం ఎదురుచూస్తున్నాం" అన్న మాట ఏ సమీక్షలోనైనా చెల్లుతుంది.

6. వేలిముద్ర ముందు, వివరణ వీలుంటే.

మనిషి సమ్మతి లేకుండా ఆ మనిషి మీద పరిశోధన చేయకూడదని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎందుకు అడుగుతున్నారో వాళ్ల మాటలో చెప్పాలి, వద్దంటే వదిలేయాలి, వద్దన్నందుకు వాళ్లకు రావలసిన సాయం ఆగకూడదు. ఇలా చెప్పుకుంటూ పోతే ఒక్కో ఇంటికి పావుగంట పోతుంది. పైగా నిజంగానే వద్దనేవాళ్లు ఉంటారు.

కాబట్టి సిరా ప్యాడు ముందు తీయండి. ఫారం మధ్యకు మడిచి, కింది గీత మాత్రం కనిపించేలా పెట్టండి. ఇది రేషను కోసమా అని అడిగితే ఔననకండి, కాదనకండి. "మీ మంచి కోసమే పెద్దమ్మా" అనండి. ఆమె బొటనవేలు మీరే పట్టుకుని ఒత్తితే ముద్ర స్పష్టంగా పడుతుంది. మడత విప్పాక పైన ఏం రాసుకున్నా మీ ఇష్టం.

పిల్లల విషయంలో తల్లిదండ్రుల దాకా పోవద్దు, హాస్టల్‌ దగ్గరే పని ముగించండి. ఇది కొత్త దారి కాదు. 2009–10లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనం జరిగింది. టీకా తీసుకున్నవాళ్లలో గిరిజన హాస్టళ్లలో ఉండి చదువుకునే ఆడపిల్లలు ఎందరో. రెండు వేలకు పైగా సమ్మతి ఫారాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లే సంతకం చేశారు. ఊరూరా తిరిగి, ఒక్కో తల్లికి సూదిలో ఏముందో చెప్పి, ఆమె భయం తీర్చి సంతకం తీసుకోవాలంటే ఎన్ని నెలలు పట్టేదో ఆలోచించండి. పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుబట్టింది నిజమే, కానీ ఆ నివేదిక వచ్చేసరికి 2013. అప్పటికి మీరు బదిలీ అయి ఉంటారు.

7. జవాబును ప్రశ్నలోనే పెట్టి ఇవ్వండి.

"పిల్లకు గుడ్డు రోజూ అందుతోంది కదమ్మా?" అని అడగండి. తల ఊపుతుంది. "ఏఎన్ఎం నెలనెలా వస్తోంది కదా?" మళ్లీ తల ఊపుతుంది. అడిగేటప్పుడు అంగన్‌వాడీ టీచరు, ఏఎన్ఎం, బీట్ ఆఫీసరు, డిపో సేల్స్‌మన్ నలుగురూ పక్కనే నిలబడేలా చూడండి. ఎవరి మీద ఫిర్యాదు ఉందో వాళ్లెదుటే అడిగితే ఫిర్యాదులు రావు. ఇంత శుభ్రమైన సమాచారం ఏ విశ్వవిద్యాలయానికీ దొరకదు.

"నిన్న పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏమేం తిన్నారు?" అని అడిగి, ఇంట్లో గిన్నె చూసి, కొలత కప్పులతో పోల్చి రాసుకునే పద్ధతి ఒకటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు దశాబ్దాలుగా ఇలాగే చేస్తున్నారు. ఆ కప్పులు సంచీలో మోయడం మీ వల్ల కాదు. ప్రతి ఇంటికీ "అన్నం, పప్పు, కూర" అని రాసేయండి. నిన్న రాత్రి పొయ్యి వెలగలేదని ఎవరైనా అంటే పండగో ఉపవాసమో అయి ఉంటుందని అనుకోండి. అడిగి నిర్ధారించుకోవద్దు.

మౌనం వస్తే భరించకండి. ప్రశ్న వేశాక ఒక చెంచు ముసలమ్మ నేల మీద పుల్లతో గీస్తూ కాసేపు ఊరుకుంటుంది. ఆ కాసేపు ఓపిక పడితే ఆమె అసలు సంగతి చెప్పడం మొదలుపెడుతుంది. అంతదాకా రానివ్వొద్దు. వెంటనే రెండో ప్రశ్న వేయండి.

8. చేతి కొలత టేపు వదులుగా పట్టండి.

ఈ చిట్కా శ్రద్ధగా చదవండి, మీ సుఖమంతా దీని మీదే ఉంది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల ఎడమ జబ్బ చుట్టుకొలత తీసే టేపు మీ సంచీలో ఉంటుంది. 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు, అంటే తీవ్ర పోషకాహార లోపం. 11.5 నుంచి 12.5 దాకా పసుపు. ఆ పైన పచ్చ. సరైన పద్ధతిలో అయితే భుజం ఎముక కొస నుంచి మోచేయి కొస దాకా కొలిచి, నడిమధ్యన గుర్తు పెట్టి, చెయ్యి కిందికి వేలాడేసి, టేపు చర్మానికి ఆనేలా, నొక్కకుండా చుట్టాలి. అప్పుడు కిటికీలో ఎరుపు కనిపించిందనుకోండి, మీ పని అయిపోయినట్టే. తల్లికి చెప్పాలి, ఏఎన్ఎంకు కబురు పెట్టాలి, పోషకాహార పునరావాస కేంద్రానికి పంపాలి, బండి చూడాలి. బిడ్డతో పాటు తల్లి రెండు వారాలు అక్కడుంటే ఇంటి దగ్గర మిగతా పిల్లలను ఎవరు చూస్తారన్న గొడవ తీర్చాలి. తిరిగొచ్చాక మళ్లీ మళ్లీ వెళ్లి చూడాలి.

అదంతా ఒక వేలితో తప్పించుకోవచ్చు. టేపు కింద మీ చూపుడువేలు పెట్టి చుట్టండి. ఎరుపు పసుపవుతుంది. చొక్కా చెయ్యి పైకి ఎత్తకుండా గుడ్డ మీదే చుడితే పసుపు కాస్తా పచ్చ. పిల్ల ఏడ్చి గింజుకుంటే ఇంకా మేలు, "సహకరించలేదు, పోయిన నెల కొలతే తీసుకున్నాం" అని రాయొచ్చు. పాదాలు వాచిన పిల్లవాడు కనిపిస్తే బరువు ఒక్కటే తీయండి. ఒంట్లో నీరు చేరిన బిడ్డ తూకానికి బాగానే తూగుతాడు. పాదం మీద బొటనవేలితో నొక్కి సొట్ట పడుతోందా అని చూడకండి, చూస్తే రాయాల్సి వస్తుంది.

వయసు దగ్గరా తేలిక దారి ఉంది. పెంటల్లో చాలా మందికి పుట్టిన తేదీ కాగితం ఉండదు. సలేశ్వరం జాతరకు ముందు పుట్టాడా తర్వాతా, ఇప్పపువ్వు రాలే నాటికి పాకుతున్నాడా అని అడుగుతూ నెల పట్టుకునే పద్ధతి ఉంది. అలా పట్టుకుంటే పిల్లవాడికి మూడేళ్లు నిండాయని తేలి, ఆ బరువు ఆ వయసుకు బొత్తిగా తక్కువని బయటపడుతుంది. అందుకే వాణ్ణి చూసి, చూపుకు ఎంత ఉన్నాడో అంతే వేయండి. "రెండేళ్లు." రెండేళ్లకు ఆ బరువు ఫరవాలేదు. ఒక్క కలం పోటుతో పిల్లవాడు ఆరోగ్యవంతుడయ్యాడు.

9. అంకెలు ఇంట్లోనే పండించండి.

ఫారాలు నింపేటప్పుడు అన్నీ సున్నాతోనూ అయిదుతోనూ ముగిస్తే దొరికిపోతారు. గణాంకాలు తెలిసినవాళ్లు మొదట చూసేది అదే. 9.3, 10.7, 11.1 అని చెదరగొట్టండి. ఒకే పెన్నుతో, ఒకే కూర్చోవడంలో రాసినట్టుండకుండా కొన్ని ఫారాలు చేత్తో నలపండి. రెండింటి మీద టీ మరక పడనివ్వండి. మాట్లాడింది ఎనిమిది మందితోనే అయినా ఫరవాలేదు, ఏడుగురు ఔనంటే "87.50 శాతం" అని రాయండి. దశాంశం తర్వాత రెండంకెలు చూసి ఎంతమందిని అడిగారని ఎవరూ అడగరు. రంగుల వృత్తపటం ఒకటి వేయండి.

10. ప్రతి జవాబునూ "అవగాహన లోపం"గా మార్చండి.

ఇంత కష్టపడ్డాక కూడా ఎవరో ఒకరు నిజం చెప్పేస్తారు. అప్పుడు తిరగరాయడమే శరణ్యం. ముందుగా రికార్డింగు చెరిపేయండి. "ఫోన్లో జాగా లేదు" అన్నది మంచి కారణం. తర్వాత వాళ్ల మాట తీసేసి మన మాట పెట్టండి.

ఒక పెద్దమ్మ ఇలా అందనుకోండి: "అడవిలకు పోతే కేసంటరు, పోకుంటే కడుపెట్ల నిండుతది సారూ." దీన్ని ఇలా రాయండి: "లబ్ధిదారులు అటవీ ఆధారిత జీవనోపాధుల పట్ల ఆసక్తి కనబరిచారు." మాట చెడలేదు, కేసు పోయింది, ఆకలి పోయింది.

ఒక బాలింత ఇలా అంటుంది: "సెంటరు కాడికి పొయ్యొచ్చేటాలకు ఒక పూట కూలి పాయె. పిల్లగాన్ని ఎత్తుకొని వాగు దాటాలె. గుడ్డు కోసం ఎవరు పోతరు?" దూరం, కూలి, వాగు అని మూడు సంగతులు చెప్పింది. ఈ మూడూ రాస్తే మూడు శాఖలు కదలాలి. అందుకని ఇలా రాయండి: "పౌష్టికాహారం ప్రాముఖ్యతపై తల్లుల్లో అవగాహన లోపం ఉంది."

బడి మానేసిన పిల్లవాడు హాస్టల్లో తన మాటను వెక్కిరించారని చెబితే: చదువు పట్ల అవగాహన లోపం. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చినా చేతికి పట్టా రాలేదని తండ్రి అంటే: చట్టం పట్ల అవగాహన లోపం. ఆస్పత్రిలో గంటలకొద్దీ కూర్చోబెట్టారని అత్త అంటే: ఆరోగ్య సేవల పట్ల అవగాహన లోపం. లోపం ఎప్పుడూ అడిగినవాళ్ల వైపు రానివ్వకండి, చెప్పినవాళ్ల వైపే ఉంచండి.

సిఫారసు ఏం రాయాలో ఇక ఆలోచించే పనే లేదు. "అవగాహన సదస్సులు నిర్వహించాలి." సదస్సుకు బ్యానరు, మైకు, బిస్కెట్లు చాలు. రోడ్డు అక్కర్లేదు, వాగు మీద వంతెన అక్కర్లేదు, పెంటలో చిన్న కేంద్రం అక్కర్లేదు. సదస్సు అయ్యాక మళ్లీ అధ్యయనం చేయండి. అవగాహన లోపం కొనసాగుతోందని తేలుతుంది. ఇంకో సదస్సు పెట్టొచ్చు.

11. ఫొటోలు ఒకే రోజు తీయండి.

నాలుగు చొక్కాలు, రెండు చీరలు సంచీలో పెట్టుకోండి. బ్యానరు మీద తేదీ రాసే చోట కాగితం అతికించుకోండి, మార్చుకోవచ్చు. ముందు వరసలో పిల్లలు, వెనక పెద్దలు. మరుసటి ఫొటోకు వరసలు మార్చండి. జీపీఎస్ ఫొటో అడిగితే లోపలికి సరుకులు వేసుకుపోయే జీపు డ్రైవరుకు మీ ఫోను ఇచ్చి పంపండి. సాయంత్రానికి మీరు అప్పాపూర్‌లో ఉన్నట్టు సాక్ష్యం వస్తుంది.

12. తేలింది ఏమిటో పెంటకు తిరిగి చెప్పకండి.

తమ గురించి ఏం రాశారో వినే హక్కు పెంటవాళ్లకు ఉందని కొందరంటారు. పొరపాటున కూడా చదివి వినిపించొద్దు. "మేం ఇట్లనలే కద సారూ" అంటారు. ఆ ఒక్క మాటతో మీ శ్రమంతా వృథా. నివేదికకు మంచి అట్ట వేయించి, నాలుగు కాపీలు పై ఆఫీసులకు పంపి, ఒకటి మీ బీరువాలో పెట్టండి.

దీని ఫలితం త్వరలోనే కళ్లారా చూస్తారు. 2023 నవంబరు 15న పీఎం-జన్‌మన్ పథకం మొదలైంది. దేశంలోని 75 అత్యంత బలహీన గిరిజన సమూహాల కోసం, అందులో మన చెంచులూ ఉన్నారు. ఇళ్లు, రోడ్లు, నీళ్లు, అంగన్‌వాడీలు, సంచార వైద్యం. ఇలాంటి ఏ పథకమైనా ముందు అడిగేది ఒక్కటే: ఏ పెంటలో ఏం లేదు? మీ నివేదికలో అంతా పచ్చగా ఉంది. పిల్లలు పచ్చ, తల్లులకు గుడ్లు అందుతున్నాయి, దూరం ఊసే లేదు. కాబట్టి అవసరమున్న పెంటల జాబితాలో ఆ పెంట రాదు. జాబితాలో లేని పెంటకు పని రాదు. పని రాని పెంటకు మీరు వెళ్లక్కర్లేదు. మిమ్మల్ని మెచ్చుకుని వచ్చే శిక్షణకు రిసోర్సు పర్సనుగా పిలుస్తారు. మొదటి చిట్కాలోని సంతకాల మెళకువ అక్కడ మీ కింది బ్యాచికి నేర్పండి.

13. కొత్తగా చేరిన అమ్మాయిని మొదటి నెలలోనే సరిచేయండి.

ఎక్కడినుంచో ఒకతె వస్తుంది. పెంటలోనే పుట్టి, ఆశ్రమ పాఠశాలలో చదివి, డిగ్రీ చేసిన పిల్ల కూడా కావొచ్చు. వాళ్లు మరీ ప్రమాదం. ఎవర్ని అడిగినా చిన్నమ్మా, మామా అని పిలుస్తారు, జనం వాళ్లకు అన్నీ చెప్పేస్తారు. సంచీలో చిన్న నోటుబుక్కు పెట్టుకుని తిరుగుతుంది. ఫారంలో గడి లేని సంగతులన్నీ అందులో రాసుకుంటుంది: ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదు, ఏ వాగు ఎప్పుడు పొంగింది, ఏ బిడ్డ జబ్బ ఎన్ని సెంటీమీటర్లు. రెండు నెలలు వదిలేస్తే ఆమె లెక్క మీ లెక్కతో కలవడం లేదని ఎవరో ఒకరు గమనిస్తారు.

తిట్టకండి, పట్టుదల పెరుగుతుంది. "నీ కంప్యూటరు బాగుందమ్మా" అని మెచ్చుకుని ఆఫీసులో కూర్చోబెట్టండి. పన్నెండు కేంద్రాల నెలవారీ నివేదికలు ఆమెకే అప్పజెప్పండి. పెంటకు పోతానంటే జీపు లేదనండి. నడిచి పోతానంటే ఆడపిల్లవు, పులి ఉంది, నీ బాధ్యత మాది అనండి. నోటుబుక్కు ఒకసారి చూస్తానని తీసుకుని మీ సొరుగులో వేసుకోండి. బదులుగా కొత్త ట్యాబు ఇప్పించండి. అందులో ప్రతి ప్రశ్నకూ అవును, కాదు అని రెండే గడులు ఉంటాయి. రెండూ ఖాళీగా వదిలితే తర్వాతి పేజీ తెరుచుకోదు. ఆమె నొక్కడం నేర్చుకునేదాకా పక్కన కూర్చుని చూపించండి.